అది గ్యాస్ నొప్పి కాదు మామా

ఆ చలికాలం మాంచెస్టర్‌లో మా ఇంట్లో ఈనో ప్యాకెట్లు బియ్యం కన్నా త్వరగా అయిపోయేవి. నలుగురు తెలుగు కుర్రాళ్లం, ఒకటే బాత్రూమ్. అందులో ఒకడికి రోజూ కడుపునొప్పి. ఏదో ఒక మూల కాదు, పక్కటెముకల కింద సరిగ్గా మధ్యలో మొదలై వీపులోకి పాకేది. వాము నమిలాడు, జీలకర్ర నీళ్లు తాగాడు, ఇండియన్ స్టోర్‌లో దొరికిన ప్రతి గ్యాస్ మందూ మింగాడు. జీపీ దగ్గరికి వెళితే ఒమెప్రజోల్ రాసిచ్చి కారం తగ్గించమన్నారు. గోంగూర పచ్చడి సీసా తీసి పై అరలో పెట్టేశాం.

వాడి పేరు చెప్పను. మావాడు అంటాను. ఈ సంగతి రాస్తానంటే ఒప్పుకున్నాడు, ఆనవాళ్లు మార్చమన్నాడు, మార్చాను. ఇద్దరం బీటెక్ వేర్వేరు కాలేజీల్లో చేశాం. 2021లో ఎమ్మెస్సీకి ఒకే విమానంలో వచ్చాం, అక్కడ పరిచయం. తర్వాత పీఎస్‌డబ్ల్యూ వీసా మీద ఉద్యోగాలు వెతుక్కుని ఇద్దరం కోడింగ్‌లో పడ్డాం.

ఒక రాత్రి మూడింటికి బాత్రూమ్ తలుపు కొట్టాను. ఎంతకీ తీయడు. చివరికి తీస్తే, వేణ్నీళ్ల షవర్ కింద బట్టలతోనే కూర్చుని ఉన్నాడు. పొట్ట మీద వేడినీళ్లు పడితే నొప్పి కాస్త సర్దుకుంటుందట. 'గ్యాసే మామా, పోతుందిలే' అన్నాడు.

గ్యాస్ కాదేమోనని నాకు అప్పటికే అనుమానం. ఎందుకంటే వాడి టేబుల్ సొరుగులో ఏముందో నాకు తెలుసు.

సొరుగులోని పౌడర్

కెటమిన్. ఇక్కడి కుర్రకారు ముద్దుగా 'కెట్' అంటారు. 2022లో ఒక పార్టీలో మా ఇద్దరికీ ఒకేసారి పరిచయమైంది. నేను రెండుసార్లు తీసుకున్నా. రెండోసారి గంటసేపు వాంతులయ్యాయి, మళ్లీ ముట్టలేదు. ఇందులో నా గొప్పతనమేమీ లేదు, నా కడుపు ఒప్పుకోలేదంతే. మావాడికి మాత్రం బాగా పడింది. ఒళ్లూ బుర్రా విడిపోయి, రెండింటి మధ్యా ఎవరో దూది కూరినట్టు ఉంటుందనేవాడు. వారానికోసారి మొదలై, శుక్ర శని ఆదివారాలై, వర్క్ ఫ్రమ్ హోమ్ వచ్చాక రోజూ అయింది.

'మందే కదా మామా, హాస్పిటల్లో ఇచ్చేదే' అనేవాడు. ఆ మాట అబద్ధం కాదు, చిక్కంతా అక్కడే ఉంది. 1962లో అమెరికాలో పార్క్ డేవిస్ కంపెనీ కోసం కాల్విన్ స్టీవెన్స్ అనే కెమిస్ట్ దీన్ని తయారుచేశాడు. 1970లో అక్కడ అనుమతి వచ్చింది, వియత్నాం యుద్ధంలో గాయపడ్డ సైనికులకు వాడారు. మత్తు ఇచ్చినా ఊపిరి ఆగకుండా, బీపీ పడిపోకుండా చూస్తుంది కాబట్టి ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలో ఉంది. మన ఊళ్లలో చిన్న ఆపరేషన్ థియేటర్లలోనూ వాడతారు, పశువుల డాక్టర్లూ వాడతారు. కానీ థియేటర్లో మత్తు డాక్టర్ పక్కన నిలబడి ఎప్పుడో ఒకసారి ఇచ్చే డోసు వేరు, రెండేళ్ల పాటు రోజూ ముక్కుతో పీల్చే పౌడర్ వేరు.

బ్రిటన్‌లో ఇది 2014 నుంచి క్లాస్ బి డ్రగ్. అయినా చవక, ఒక సినిమా టికెట్టూ పాప్‌కార్న్ ఖర్చులో దొరుకుతుంది. 2023 మార్చితో ముగిసిన ఏడాదిలో దాదాపు 3 లక్షల మంది దీన్ని వాడారని ఇక్కడి ప్రభుత్వమే లెక్క చెప్పింది. లివర్‌పూల్‌లోని ఆల్డర్ హే పిల్లల ఆసుపత్రిలో కెటమిన్ బాధితుల కోసం విడిగా క్లినిక్ పెట్టాల్సి వచ్చింది. పిల్లల ఆసుపత్రి అన్నది గమనించండి.

మావాడిలో ముందు కనపడిన మార్పు కడుపునొప్పి కూడా కాదు. అరగంటకోసారి టాయిలెట్‌కి పరుగు. స్టాండప్ మీటింగ్ పావుగంట ఉంటే మధ్యలో కెమెరా ఆపేసి వెళ్లొచ్చేవాడు. 'షుగర్ టెస్ట్ చేయించుకోరా' అని నవ్వాం. మూత్రంతో బయటికి పోయే కెటమిన్, దాని తాలూకు రసాయనాలూ మూత్రాశయం లోపలి పొరని పుండు చేస్తాయి, రాను రాను ఆ సంచి గట్టిపడి కుంచించుకుపోతుంది, కొందరికి సంచి మొత్తం తీసేయాల్సి వస్తుంది. ఇదంతా తర్వాత తెలిసింది. దాని మీద ఇప్పుడిప్పుడే నలుగురూ మాట్లాడుతున్నారు. కాలేయం వైపు జరిగేదాని గురించి ఎవరూ మాట్లాడరు.

ఇంకో దరిద్రం ఏమిటంటే, కెటమిన్ నొప్పిని చంపే మందు. పొట్టలో నొప్పి తెప్పించేదీ అదే, తీసుకున్న పది నిమిషాల్లో ఆ నొప్పి తెలియకుండా చేసేదీ అదే. 'కెట్ తీసుకుంటేనే తగ్గుతోంది మామా, అంటే దానివల్ల కాదన్నమాట' అని మావాడు నాకు లాజిక్ చెప్పాడు. నేను ఇంజినీర్ని, ఆ లాజిక్‌కి తల ఊపాను.

ఆరు మిల్లీమీటర్ల గొట్టం

2025 ఫిబ్రవరిలో ఒక ఆదివారం పొద్దున్న వంటింట్లో మావాడి మొహం చూసి ఆగిపోయా. కళ్లలో తెల్లగుడ్డు పసుపు పచ్చగా ఉంది. ఒళ్లంతా దురద అని రెండు వారాలుగా గోకుతున్నాడు, హీటర్ వల్ల చర్మం పొడిబారిందనుకున్నాం. మూత్రం టీ డికాక్షన్ రంగులో వస్తోందని అప్పుడు చెప్పాడు. 111కి ఫోన్ చేస్తే ఆలస్యం చేయకుండా ఎమర్జెన్సీకి వెళ్లమన్నారు.

ఇక్కడ కాస్త ప్లంబింగ్ చెప్పాలి. కాలేయం రోజుకు ముప్పావు లీటరు అటూ ఇటూగా పైత్యరసం తయారుచేస్తుంది. లోపల కొమ్మల్లా ఉండే సన్నటి నాళాలన్నీ కలిసి ఒక పెద్ద నాళమై చిన్నపేగులోకి దిగుతాయి. పేగులోకి దిగే చోట కండరంతో చేసిన చిన్న వాల్వ్ ఉంటుంది. పెద్ద నాళం అన్నానే గానీ దాని వెడల్పు మామూలుగా ఆరు మిల్లీమీటర్లు, పెన్సిల్ అంత కూడా లేదు. ఆ దారి సరిగా పారకపోతే రసం వెనక్కి తన్ని రక్తంలో కలుస్తుంది. పచ్చకళ్లు, దురద, ముదురు మూత్రం, రంగు లేని మలం, అన్నీ అందుకే.

ఎమర్జెన్సీలో డాక్టర్ వరసగా అడిగింది. మద్యం? అప్పుడప్పుడు. ఈమధ్య వేరే దేశం వెళ్లావా? లేదు. హెర్బల్ మందులేమైనా? లేదు. డ్రగ్స్?

'నో' అన్నాడు మావాడు.

నేను పక్క కుర్చీలో ఉన్నా. ఫోన్ తీసి వాట్సాప్ చూసుకున్నా. నోటిఫికేషన్లేమీ లేవు, ఊరికే చూశా.

ఎందుకు నోరు విప్పలేదంటే వీసా భయం. డాక్టర్‌కి చెబితే పోలీసులకు వెళుతుంది, పోలీసుల నుంచి హోమ్ ఆఫీస్‌కి వెళుతుంది, ఆ తర్వాత డిపోర్టే అని మా నలుగురి నమ్మకం. ఎవరు చెప్పారో తెలీదు, ఏదో టెలిగ్రామ్ గ్రూపులో చదివినట్టు గుర్తు. తర్వాత తెలిసిందేమిటంటే, ఒక పేషెంట్ తన ఒంట్లోకి ఏం తీసుకున్నాడో ఇక్కడి డాక్టర్లు పోలీసులకు మోయరు. అది వాళ్లకూ మనకూ మధ్య ఉండే రహస్యం.

ఆ ఒక్క 'నో' ఖరీదు చెబుతాను. రక్తపరీక్షలో ఏఎల్‌పీ అని ఒకటుంటుంది, పైత్యరస నాళాలకు దెబ్బ తగిలితే పెరుగుతుంది. 130 దాటకూడదు, మావాడికి 640. అల్ట్రాసౌండ్‌లో రాళ్లు లేవు, గడ్డా లేదు, నాళం మాత్రం 13 మిల్లీమీటర్లకు ఉబ్బి ఉంది. ఎంఆర్‌సీపీ స్కాన్ తీశారు. అది ఎమ్మారై లాంటిదే, నాళాల బొమ్మ మాత్రమే ఆకులు రాలిన చెట్టులా తెల్లగా కనిపిస్తుంది. మావాడి చెట్టుకి మొదలు ఉబ్బిపోయి, కొమ్మలు అక్కడక్కడా నొక్కుకుపోయి ఉన్నాయి. రాయి లేకుండా, గడ్డ లేకుండా ఇరవై ఎనిమిదేళ్లవాడికి ఇలా ఎందుకుంటుందని డాక్టర్లకు అంతుపట్టలేదు.

ప్రైమరీ స్క్లెరోజింగ్ కొలాంజైటిస్ కావచ్చన్నారు. మావాడు ఆ రాత్రంతా దాని గురించి గూగుల్ చేశాడు. నయం చేసే మందు లేదు, చాలామందికి చివరికి కాలేయ మార్పిడే. ఆ జబ్బున్నవాళ్లలో ఎక్కువమందికి పెద్దపేగు వాపు కూడా ఉంటుంది కాబట్టి కోలనోస్కోపీ చేశారు. అంతా మామూలుగానే ఉంది. క్యాన్సర్ కాదని తేల్చుకోవడానికి ఈఆర్‌సీపీ చేయాలన్నారు. నోట్లోంచి గొట్టం చిన్నపేగు దాకా దించి, ఆ నాళంలోకి బ్రష్ పెట్టి కణాలు తీస్తారు. దానివల్ల ఒక్కోసారి క్లోమం వాచే ప్రమాదం ఉందని, ఆ వాపు ప్రాణం మీదికి రావచ్చని కాగితం మీద రాసి సంతకం అడిగారు.

మా ఆఫీసులో ప్రొడక్షన్ పడిపోయినప్పుడు క్లయింట్ ఎప్పుడూ ఒకటే మాట అంటాడు, 'మేమేమీ మార్చలేదండీ' అని. రెండు రోజులు జుట్టు పీక్కున్నాక లాగ్స్‌లో దొరుకుతుంది, శుక్రవారం సాయంత్రం వాళ్లే ఏదో మార్చారని. ఆ క్లయింట్‌ని ఎన్ని తిట్లు తిట్టుకున్నానో. హాస్పిటల్ వార్డులో ఆ క్లయింట్ మేమే.

హాంకాంగ్ డాక్టర్లకు ముందే తెలుసు

సంతకం పెట్టడానికి ముందు రోజు సాయంత్రం ఒక కుర్ర డాక్టర్ వచ్చాడు. కేస్ షీట్‌లో నర్స్ రాసింది చదివాడు: పేషెంట్ అరగంటకోసారి టాయిలెట్‌కి వెళుతున్నాడు. కర్టెన్ లాగి మంచం అంచున కూర్చుని, మామూలు గొంతుతో అడిగాడు. 'కెటమిన్ తీసుకుంటావా?'

డ్రగ్స్ అని అడగలేదు. కెటమిన్ అని పేరు పెట్టి అడిగాడు. మావాడు నావైపు చూశాడు.

'చెప్పేయ్ రా' అన్నాను.

ఆ డాక్టర్‌కి తెలుగు రాదు గానీ ఆ రెండు ముక్కలూ అర్థమైపోయినట్టున్నాయి. పెన్ను తీశాడు. మావాడు అన్నీ చెప్పాడు, ఎప్పటినుంచి, రోజుకెంత, చివరిసారి ఎప్పుడు. చివరిసారి మొన్న రాత్రి హాస్పిటల్ బాత్రూమ్‌లోనట, అది నాకూ తెలీదు.

ఆ డాక్టర్ చెప్పిన తర్వాత నేను వెతికి చదివాను. ఈ సంగతి ముందు బయటపడింది హాంకాంగ్‌లో. 2000ల్లో అక్కడి కుర్రకారులో కెటమిన్ విపరీతంగా పాకింది. 2007లో మూత్రాశయాల గురించి రిపోర్టులు వచ్చాయి. 2009లో అక్కడి సర్జన్లు ముగ్గురు పేషెంట్ల గురించి రాశారు. కడుపునొప్పితో వచ్చారు, స్కాన్‌లో పైత్యరస నాళం ఉబ్బి ఉంది. పుట్టుకతో వచ్చే ఒక రకం తిత్తి అచ్చం అలాగే కనపడుతుంది, దానికైతే ఆపరేషన్ చేసి నాళాన్నే తీసేస్తారు. వీళ్ల ముగ్గురిలో ఉమ్మడిగా ఉన్నది మాత్రం కెటమిన్. తర్వాత అక్కడే ఏళ్ల తరబడి వాడి మూత్ర సమస్యలతో వచ్చిన 250 మందికి పైగా స్కాన్ తీసి చూస్తే, సగానికి పైగా మందిలో నాళాల్లో తేడా కనపడింది. వాళ్ల సగటు వయసు ముప్పై లోపే. నా వయసువాళ్లు.

ఎందుకు జరుగుతుందన్నదానికి రెండు మూడు దారులు అనుమానిస్తున్నారు. నాళం గోడలో ఉండే కండరాన్ని కెటమిన్ సడలించి బిగువు లేకుండా చేస్తుందని ఒకటి. చివర ఉండే వాల్వ్ సరిగా తెరుచుకోకుండా చేస్తుందని ఇంకొకటి. కాలేయంలో విరిగిన కెటమిన్ పైత్యరసంలో కలిసి ఆ గోడల్నే కాలుస్తుందని మరొకటి. ఏదైనా కానీ, నాళం ముందు ఉబ్బుతుంది, ఇంకా కొనసాగిస్తే లోపల మచ్చలు కట్టి ఇరుకవుతుంది. ఉబ్బినది మానేస్తే తగ్గడం చాలామందిలో చూశారు. మచ్చ కట్టింది వెనక్కి రావడం కష్టం. కొద్దిమందికి కాలేయం చెడిపోయి మార్పిడి దాకా వెళ్లింది.

మందు? లేదు. మానేయడమే మందు. ఆ కుర్ర డాక్టర్ దీన్ని చాలా మామూలుగా చెప్పాడు, నీళ్లు ఎక్కువ తాగు అన్నట్టు. ఈఆర్‌సీపీ ప్రస్తుతానికి ఆపేశారు. తొలి నెలలో రెండు వారాలకోసారి, తర్వాత నెలకోసారి రక్తపరీక్ష, ఆరు నెలలకు మళ్లీ స్కాన్, డ్రగ్స్ మాన్పించే కౌన్సెలింగ్‌కి ఒక అపాయింట్‌మెంట్. పోలీసులూ రాలేదు, హోమ్ ఆఫీసూ రాలేదు.

పసరు సీసా

ఇంటి దగ్గర సంగతి వేరే. మావాడిది తెనాలి వైపు ఒక ఊరు. వీడియో కాల్‌లో వాళ్లమ్మ కళ్లు చూసేసింది. 'లైటింగ్ అమ్మా' అని వీడన్నాడు. ఆవిడ నమ్మలేదు, నాకు చేసింది. 'నిజం చెప్పు నాన్నా, తాగుతున్నాడా?'

'లేదాంటీ, కామెర్లు. బయట తిండి వల్ల వచ్చుంటాయి' అన్నాను. హాస్పిటల్లో నోరు మూసుకున్నది ఒకటి, ఇది రెండోది.

కామెర్లంటే ఆవిడకి చేయాల్సింది తెలుసు. పక్క ఊళ్లో నేల ఉసిరి పసరు ఇచ్చే పెద్దాయన ఉన్నాడు, ఆదివారం పరగడుపున తాగాలి, ఉప్పూ నూనే లేకుండా మజ్జిగన్నంతో పథ్యం. ఎవరో స్టూడెంట్ మాంచెస్టర్ వస్తుంటే సూట్‌కేసులో కందిపొడి, సున్నుండలతో పాటు ఒక సీసా పసరు కూడా వచ్చింది, మూతకి మూడు పొరలు ప్లాస్టిక్ చుట్టి.

పసరుని నేను వెక్కిరించను. మా ఇంట్లోనూ చిన్నప్పుడు నాకు పోయించారు, తగ్గింది కూడా. కాకపోతే అవి నీళ్ల వల్ల వచ్చే వైరస్ కామెర్లు, చాలావరకు వాటంతటవే తగ్గుతాయి. పసరుకి పేరొస్తుంది. నాళం మూసుకుని వచ్చిన కామెర్లు అలా తగ్గవు, పైగా దెబ్బతిన్న కాలేయానికి ఇంకో తెలియని మందు తోడైతే ఏది దేనివల్ల పెరిగిందో డాక్టర్‌కి తెలీదు. తాగొద్దన్నారు. మావాడు మాత్రం తాగుతానన్నాడు. 'అమ్మ పంపింది కదరా, ఇదన్నా సరిగ్గా చేయనీ' అన్నాడు. ఆ సీసా కోసం వంటింట్లో ఇద్దరం కొట్టుకున్నంత పని చేశాం.

మానడం ఒక్కరోజులో అయ్యే పని కాదు. మొదటి మూడు వారాలు నిద్ర లేదు, చిరాకు, నొప్పి అలాగే ఉంది, ఆ నొప్పికి దొరికే మందేదో వాడికి తెలుసు. అది మా ఇంటికి పది నిమిషాల దూరంలో దొరుకుతుంది. అయిదో వారంలో పడిపోయాడు. నాకు చెప్పలేదు, రక్తపరీక్ష చెప్పింది. అప్పటికి 310కి దిగిన ఏఎల్‌పీ మళ్లీ 500 దాటింది. నేను అరిచాను. అనకూడని మాటలు అన్నాను. వాడేమీ అనలేదు, ఫోన్ తీసి వాళ్లమ్మకి చేసి మొత్తం చెప్పాడు. స్పీకర్‌లో ఉంది. అవతల చాలాసేపు చప్పుడు లేదు. తర్వాత ఆవిడ అడిగింది, 'ఆ పసరు తాగావా?' అని. తాగలేదన్నాడు. 'మంచిది, డాక్టర్ ఏం చెబితే అది చెయ్. నాన్నకి నేను చెబుతాలే' అంది. తరువాత నాకు విడిగా ఫోన్ చేసి, 'నీకు ముందే తెలుసు కదా నాన్నా' అని అడిగింది. జవాబు చెప్పలేకపోయాను.

మొన్న సంక్రాంతికి హైదరాబాద్ వెళ్లా. పాత క్లాస్‌మేట్స్ ఊరి బయట ఒక ఫామ్‌హౌస్ తీసుకున్నారు. అర్ధరాత్రి దాటాక ఒకడు జేబులోంచి చిన్న కవరు తీసి, 'కే మామా, సేఫ్, గంజాయి కన్నా బెటర్' అన్నాడు. మన దేశంలో కెటమిన్ 2011 నుంచి ఎన్‌డీపీఎస్ చట్టం కింద ఉందని, జైలు మాట అని వాడికి తెలుసు, దానికే ఎక్కువ భయపడుతున్నాడు. 'గ్యాస్ నొప్పి వస్తోందా?' అని అడిగాను. నవ్వాడు. 'నీకెలా తెలుసు? రాత్రుళ్లు ప్యాన్ డీ వేసుకుంటున్నా' అన్నాడు.

నా ఫోన్‌లో మావాడి స్కాన్ బొమ్మ ఉంది. చూపించాను. ఉబ్బిన మొదలు, నొక్కుకుపోయిన కొమ్మలు. కాసేపు చూసి ఫోన్ తిరిగిచ్చాడు. కవరు మళ్లీ జేబులో పెట్టుకున్నాడు, ఆ రాత్రికి తీయలేదు. తర్వాత ఏం చేశాడో తెలీదు. లివర్ ఫంక్షన్ టెస్ట్ ఎక్కడ చేయించాలని మాత్రం వారం తర్వాత మెసేజ్ పెట్టాడు. డాక్టర్‌కి ముందు ఏం చెప్పాలో రాసి పంపాను, ఒక్క ముక్కే.

మావాడి ఏఎల్‌పీ ఇప్పుడు 190. ఆరో నెలలో తీసిన స్కాన్‌లో నాళం 10 మిల్లీమీటర్లకు వచ్చింది. కొమ్మల్లో రెండు చోట్ల నొక్కులు అలాగే ఉన్నాయి, అవి పోవచ్చు, పోకపోవచ్చు అన్నారు. రాత్రి రెండుసార్లు లేస్తున్నాడు, ఒకప్పుడు పన్నెండుసార్లు. గోంగూర సీసా పై అర నుంచి దిగింది. పసరు సీసా ఫ్రిజ్‌లో వెనక అరలో ఇంకా ఉంది, పారేయడానికి ఇద్దరికీ చేతులు రావడం లేదు.

వచ్చే నెల 14న మళ్లీ ఎంఆర్‌సీపీ. పొద్దున్న ఎనిమిదింటికి స్లాట్, నాలుగు గంటల ముందు నుంచి ఏమీ తినకూడదు. నేను సెలవు పెట్టాను.